గృహారోగ్యము: నడుమునొప్పియు, ఏడాది యొడంబడికయు

ఈ మాసము మాకందిన జాబులలో నొకటి అమెరికాలోని అయోవా రాష్ట్రమునుండి వచ్చినది. వ్రాసిన సోదరి గుంటూరు సీమలో పుట్టి పెరిగి, వివాహానంతరము భర్తతో నచ్చట కాపురమున్నది. ఆమెకు 34 ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. రెండవ కాన్పు తరువాత పట్టుకొన్న నడుమునొప్పి రెండేండ్లనుండి వచ్చుచు పోవుచు నున్నదట. ఆమె పేరును ఊరును మేమిచ్చట ప్రకటింపము. కాని ఆమె యడిగిన ప్రశ్న అనేక గృహములకు సంబంధించినదగుటచే, ప్రత్యుత్తరము ఈ పుటలలోనే వ్రాయుచున్నాము.

జాబులోని సంగతి యిది. ఆమె మొదట వైద్యునికి చూపించుకొన్నది. ఎముకలకు గాని నరములకు గాని భయపడదగినదేమియు లేదని యతడు చెప్పి, నొప్పికి మాత్రలిచ్చి పంపెను. మాత్రలు వేసికొన్న దినమున సుఖము, మానిన మఱునాడు మామూలే. పొరుగింటి యిల్లాలు చెప్పగా కైరోప్రాక్టరు నొద్దకు వెళ్లినది. మూడు వారములపాటు వారమునకు రెండుమారులు అతడు చేతులతో వెన్నుపూసలను సవరించెను. నొప్పి తగ్గినది. చిన్నవానిని చంకనెత్తుకొని మేడమెట్లెక్కగలిగినానని ఆమె సంతోషముతో వ్రాసినది. అంతట ఆ చికిత్సాలయమువారు ఒక కాగితమును ఆమె ముందుంచిరి. ఏడాది పొడుగునను, మొదట వారమునకు రెండుమారులును, పిమ్మట వారమున కొకమారును రావలెను. సొమ్మంతయు ముందుగా చెల్లించినచో కొంత తగ్గింపు. "నడుమ మానితిరేని అసలుకే మోసము వచ్చును" అనియు చెప్పిరట. ఆ సొమ్మో, ఆమె తన తల్లిని అమెరికాకు పిలిపించుకొనుటకై నెలనెలా కూడబెట్టినది. "నొప్పి తగ్గినమాట నిజము. అమ్మను చూచి నాలుగేండ్లైనమాటయు నిజము. వ్రాలు చేయనా, మాననా?" అని ఆమె యడుగుచున్నది.

దీనికి రెండు సులువైన సమాధానములు కలవు. "అదంతయు మోసము, ఆ గుమ్మము తొక్కవలదు" అనుట యొకటి. "గుణమిచ్చినది గదా, నమ్మి చేయుడు" అనుట రెండవది. మొదటిది ఆమె యనుభవమును త్రోసివేయును. రెండవది ఆమె సొమ్మును లెక్కచేయదు. కావున సంగతిని మొదటినుండి విచారింతము.

కైరోప్రాక్టిక్ అను విద్య పుట్టినది ఆ సోదరి యున్న రాష్ట్రముననే. 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్ పట్టణమున డానియల్ డేవిడ్ పామర్ అను నతడు, తానున్న భవనమున పనిచేయు హార్వే లిల్లార్డ్ అను చెవిటివాని వెన్నుపూసను చేతితో నొక్కి సవరించెననియు, అంతట వానికి వినికిడి కలిగెననియు చెప్పుకొనెను. "చేతితో చేయునది" అను అర్థమిచ్చు గ్రీకుమాటలనుండి ఈ పేరు పుట్టినది. 1897లో పామర్ పాఠశాలను స్థాపించెను. అనుమతి లేక వైద్యము చేసెనని 1906లో చెఱసాలకును వెళ్లెను. తరువాత 1913లో కాన్సాస్ రాష్ట్రము ఈ వృత్తికి మొట్టమొదట చట్టము చేసినది. 1974లో లూసియానా చివరగా చేసినది. కావున నేడు అమెరికాలో ఈ వృత్తివారు పరీక్షలిచ్చి, రాష్ట్రమువారి అనుమతి పొంది పనిచేయువారే గాని, దారిన పోవువారు కారు. అయినను వారు మందులిచ్చు వైద్యులును, శస్త్రచికిత్సకులును కారని తెలిసికొనవలెను.

పామర్ సిద్ధాంతమేమనగా, పూసలు స్థానము తప్పి నరముల నొత్తుటయే వ్యాధులలో అధికభాగమునకు మూలమని. ఈ మాటను నేటి శాస్త్రము నిలుపలేదు. చెవుడు, ఉబ్బసము, బిడ్డల కడుపునొప్పి మొదలగువానికి వెన్ను సవరించుట మందని ఎవరైన చెప్పినచో, నమ్మదగిన ఋజువు లేదని గ్రహింపవలెను. కాని సిద్ధాంతము తప్పైనంతమాత్రమున చేతిపని వ్యర్థమనరాదు. మన పల్లెలలో దిష్టి తగిలినదని చెప్పి పసిబిడ్డకు వెచ్చని నూనెతో ఒళ్లు మర్దన చేయు ముసలమ్మ చెప్పు కారణము సరికాకపోవచ్చును. బిడ్డ హాయిగా నిద్రపోవుట మాత్రము నిజమే.

చేతితో సవరించునప్పుడు నడుములో జరుగునదేమి? మన వెన్నెముకలో కదలెడి పూసలు 24. మెడలో 7, వీపున 12, నడుమున 5. వీని క్రింద త్రికమును, దానికి క్రిందుగా తోకయెముకయు నున్నవి. పూసకును పూసకును నడుమ మెత్తని దిండువంటి పదార్థము కలదు. వెనుకవైపున చిన్నచిన్న కీళ్లు కలవు. కైరోప్రాక్టరు ఆ కీలును ఒక్క ఊపున నొక్కినప్పుడు టప్పుమని చప్పుడగును. ఎముక తన చోటికి వచ్చి కూర్చుండిన చప్పుడదియని అనేకులు తలతురు. అది నిజము కాదు. కీలు సాగినప్పుడు అందలి జిగటద్రవములో ఒక ఖాళీ యేర్పడును. ఆ సమయముననే చప్పుడు వినవచ్చును. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2015లో వ్రేళ్లకీళ్లను లాగుచు, లోపలి దృశ్యమును యంత్రముతో చిత్రించి దీనిని చూపిరి. సవరణవలన బిగిసిన కండలు కొంత సడలును, కదలిక కొంత హెచ్చును, నొప్పి తెలియు తీరును కొంత మాఱును. ఇది మంచిదే. కాని స్థానము తప్పిన పూస యేదియు ఏడాదిపాటు మెల్లమెల్లగా స్థానమునకు వచ్చుట లేదు. కావున "మానితిరేని అసలుకే మోసము" అను మాటకు ఆధారము లేదు.

ఇక గుణము మాట. 2017లో అమెరికా వైద్యుల సంఘమొకటి, నడుమునొప్పి క్రొత్తగా వచ్చినవారికి మాత్రలకంటె ముందు వెచ్చని కాపడము, మర్దన, వెన్ను సవరణ మొదలగువానిని చేసి చూడవచ్చునని చెప్పినది. దీర్ఘకాలపు నొప్పికి వ్యాయామమును ముందు వరుసలో నుంచి, వెన్ను సవరణనుగూడ నొక మార్గముగా పేర్కొన్నది. 2023 డిసెంబరులో ప్రపంచారోగ్య సంస్థవారు దీర్ఘకాలపు నడుమునొప్పికై మొదటిసారిగా మార్గదర్శకములు ప్రకటించిరి. అందును వ్యాయామము, రోగికి తన నొప్పినిగూర్చి బోధించుట, వెన్ను సవరణ, మర్దన మొదలగునవి కలవు. నడుముపట్టీలు, నడుమును లాగు యంత్రములు వలదని యున్నది. 2020లో లోకమునందు 61 కోట్ల 90 లక్షలమందికి నడుమునొప్పి యున్నదని వారి లెక్క. కావున అయోవా సోదరికి కలిగిన గుణము కల్పన కాదు. ఆమె యొంటరిదియు కాదు.

అయితే మూడు వారముల గుణమునకును, ఏడాది యొడంబడికకును చాల దూరము. ఈ విషయమై స్వీడనులో జరిగిన పరిశోధన యొకటి 2018లో ప్రకటింపబడినది. మాటిమాటికి నడుమునొప్పి వచ్చువారై, కైరోప్రాక్టరు చేతిలో మొదటనే మంచి గుణము కనబడిన 328 మందిని రెండు జట్లుగా చేసిరి. మొదటి జట్టువారు నొప్పి యున్నను లేకున్నను ఒకటి మొదలు మూడు నెలల యెడముతో వచ్చి చూపించుకొనిరి. రెండవ జట్టువారు నొప్పి వచ్చినప్పుడే వచ్చిరి. సంవత్సరాంతమున లెక్క చూడగా, మొదటి జట్టువారికి బాధించు నొప్పిగల దినములు సుమారు 13 తగ్గినవి. అందుకై వారు రెండవ జట్టువారికంటె హెచ్చుగా వెళ్లినది సగటున రెండుసార్లకంటెను తక్కువ.

సోదరీమణులారా, ఈ లెక్కను రెండుమారులు చదువుడు. గుణము కనబడినవారికి అప్పుడప్పుడు చూపించుకొనుటవలన కొంత మేలున్నది. ఏడాదిలో పదుమూడు దినముల సుఖము ఇల్లు నడుపుకొను స్త్రీకి చిన్నది కాదు. కాని ఆ మేలు వచ్చినది నెలల యెడముతో వెళ్లినందువలన. వారమువారమును వెళ్లినందువలన కాదు. ఆ కాగితముపై వ్రాసిన రాకపోకలలో అధికభాగమునకు ఈ పరిశోధన యేమియు సాక్ష్యమిచ్చుట లేదు. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వము నడుపు మెడికేర్ భీమాయు ఈ తారతమ్యమును పాటించుచున్నది: చికిత్సవలన స్థితి మెఱుగగుచున్నంతవఱకు వెన్ను సవరణకు చెల్లించును, ఉన్నస్థితిని నిలుపుటకై మాత్రమే చేయు సవరణకు చెల్లింపదు.

కావున అయోవా సోదరికి మా సలహా: ఆ కాగితముపై వ్రాలు చేయకుడు. ఆ కైరోప్రాక్టరును విడువనక్కఱలేదు. "గుణము కనబడినది, సంతోషము. ఏ సారికి ఆ సారి చెల్లించి వత్తును. నాలుగు వారములకొకమారు మెఱుగు చూచుకొని, మీదటి సంగతి నిశ్చయించుకొందము" అని మర్యాదగా చెప్పుడు. మంచి వైద్యుడు దీనికి నొచ్చుకొనడు. నొచ్చుకొనినచో అదియు మీకొక సమాధానమే. ఇన్ని నాళ్లలో ఏ మెఱుగు రావలెనని యెంచుచున్నారు, రాకున్న నేమి చేయుదురు, ఇంట నేను చేసికొనవలసినదేమి, అను మూడు ప్రశ్నలడుగుడు. మూడవదానికి సమాధానము లేనిచోట సొమ్ము పెట్టకుడు. భయపడదగిన గుఱుతులేమియు లేనప్పుడు మాటిమాటికి ఎక్స్‌రే తీయింతుమన్నను ఒప్పుకొనకుడు. పాలపద్దు వ్రాసికొనునట్లే నొప్పిపద్దును వ్రాసికొనుడు. ఏ దినమున ఎంత నొప్పి, ఎంతసేపు నిలువగలిగితిని, బిడ్డ నెత్తుకొనగలిగితినా, రాత్రి నిద్ర పట్టినదా? నాలుగు వారముల పద్దు, నాలుగు మాటల హామీకంటె మేలు.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. మూత్రము గాని మలము గాని స్వాధీనము తప్పుట, తొడలసందున స్పర్శ తెలియకుండుట, కాలు ఈడ్చుకొనిపోవుట కనబడినచో ఒక్కగంటయు జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. నొప్పితో జ్వరము వచ్చుట, కారణము లేక చిక్కిపోవుట, పడిన తరువాత నొప్పి పుట్టుట, పూర్వము క్యాన్సరు వచ్చియుండుట, ఇవియు వైద్యుడు ముందు చూడవలసిన గుఱుతులు. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబాఱుట కలదు. దీర్ఘకాలము స్టెరాయిడు మందులు వాడినవారికిని అంతే. అట్టివారి వెన్నుపై బలముగా ఊపు ఇచ్చుట ప్రమాదకరము. గర్భిణులు ముందుగా ఆ సంగతి చెప్పి, తమ వైద్యుని యనుమతి పొందవలెను. మెడను చటుక్కున త్రిప్పు సవరణవలన, అరుదుగానైనను, మెదడునకు రక్తము తీసికొనిపోవు నాళము చీలి పక్షవాతము వచ్చిన సందర్భములు కలవు. మీ నొప్పి నడుములో నున్నప్పుడు మెడను ముట్టవలదని చెప్పు హక్కు మీకున్నది.

మనదేశమున నున్న పాఠకురాండ్రకును ఒక మాట. అమెరికాలో నెలకొన్నట్టి అనుమతుల పద్ధతి ఈ విద్యకు ఇచ్చట చిరకాలముగా నెలకొనియుండలేదు. కావున చలనచిత్రములలో ఎముకలు విఱిచినట్లు చప్పుడు వినిపించు వారిని చూచి పరుగెత్తకుడు. ముందు వైద్యుని, పిమ్మట ఫిజియోథెరపీ చదివినవారిని చూడుడు.

ఇంతవఱకు ఏది వలదో చెప్పితిమి. అట్లైనచో నడుమునకు దీర్ఘకాలపు నియమమే వలదా? తప్పక వలయును. కాని ఆ నియమము సొమ్ముతో కొనదగినది కాదు. ఇందునుగూర్చి మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట, గంటలతరబడి వంగి అచ్చుప్రతులు దిద్దుటచే మాకును నడుమునొప్పి పట్టినది. ఫిజియోథెరపీ తెలిసిన యొక తల్లి రెండు మూడు వ్యాయామములు నేర్పినది. నెల దినములు భక్తితో చేసితిమి. నొప్పి పోయినది, నియమమును దానితోడనే పోయినది. ఏరు దాటి తెప్ప తగులవేసినట్లైనది మా పని. నాలుగు నెలలు తిరుగకమునుపే మంచము పట్టితిమి. రెండవమారు నేర్పుచు ఆమె మమ్ము కోపపడలేదు గాని, "పండ్లు నొప్పి పుట్టినప్పుడే తోముకొందురా అండీ?" అని యడిగినది. ఆ ప్రశ్నకు మేము సమాధానము చెప్పలేదు. కాని నాటినుండి ఉదయమున ఆ పావుగంటను మానలేదు.

ఆస్ట్రేలియాలో జరిగి 2024లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి ఈ మాటనే బలపఱచుచున్నది. నడుమునొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసికొని, ఒక జట్టుచేత నడక యలవాటు చేయించిరి. మెల్లగా మొదలిడి, ఆఱు నెలలలో వారమునకు ఐదుదినములు అరగంట చొప్పున నడచుటయే వారి లక్ష్యము. ఫిజియోథెరపీ తెలిసినవారు ఆఱుమారులు కలిసి దారి చూపిరి. నడకయు లేక, వేఱు చికిత్సయు లేక యున్నవారిలో సగముమందికి 112 దినములలోపల నొప్పి తిరుగబెట్టినది. నడచినవారిలో అందుకు 208 దినములు పట్టినది. కాళ్లకు చెప్పులు తప్ప వేఱు ఖర్చు లేని మందు ఇంతకంటె నేమున్నది?

అయోవాలో శీతకాలమున మంచు గడ్డకట్టి వీథిలో కాలు పెట్టుట కష్టమని యెఱుగుదుము. అట్టి దినములలో పెద్ద అంగళ్ల నడవలలోనో, ఇంటిలోనో నడువవచ్చును. దానితోపాటు రెండు వ్యాయామములు చాలును. వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచి, పిరుదులను మెల్లగా పైకెత్తి, ఐదు ఊపిరులు నిలిపి దించుట యొకటి. చేతులపైనను మోకాళ్లపైనను ఆనుకొని, కుడిచేతిని ఎడమకాలిని చాచి, తరువాత ఎడమచేతిని కుడికాలిని చాచుట రెండవది. మొదట ఐదైదుమారులు, పిమ్మట పదిపదిమారులు చేయుడు. నొప్పి కొంచెము తెలిసినను భయము లేదు. కాలిలోనికి మెఱుపువలె ప్రాకినచో మాత్రము ఆపి వైద్యునికి చెప్పుడు. నొప్పి వచ్చినదని దినములతరబడి మంచముననే యుండకుడు. కండలు బలము తప్పి నొప్పి మఱింత నిలుచును.

బరువులెత్తునప్పుడు వానిని ఒంటికి దగ్గఱగా పట్టుకొనుడు. ఎత్తుచునే నడుము త్రిప్పకుడు. బట్టలబుట్టను రెండు విడతలుగా మోయుడు. గ్రైండరు రాతిగిన్నెను పిండితోనే యెత్తక, పిండిని తోడి యెత్తుడు. బిడ్డను ఎల్లప్పుడు ఒకే చంకన ఎత్తుకొనకుడు. కారులో బిడ్డను కూర్చుండబెట్టునప్పుడు దూరమునుండి వంగక, ఒక మోకాలిని లోపల నానించి కూర్చుండబెట్టుడు.

ఇందొక చిక్కున్నది. ఈ పావుగంట, ఈ అరగంట, ఎక్కడినుండి వచ్చును? ఇంట అందఱి పనులకును వేళ యుండును. ఇల్లాలి నడుమునకు మాత్రము ఉండదు. చికిత్సాలయమునకు సొమ్ము చెల్లించినచో "వెళ్లిరా" అని పంపువారే, ఇంట వ్యాయామము చేయుచుండగా "కాఫీ యైనదా?" అని యడుగుదురు. సొమ్ము పెట్టినదే వైద్యమని మనమును నమ్ముచున్నాము. కావున ఒడంబడిక కావలెనన్నచో ఇంటివారితో చేసికొనుడు. దినమునకు ఇంతసేపు మీది; ఆ సమయమున బిడ్డలు తండ్రియొద్ద నుందురు; రాతిగిన్నె నెత్తుట ఆయన పని. ఈ ఒడంబడికకు ముందు చెల్లింపులు లేవు, నడుమ మానుటయు లేదు.

సోదరీ, మీ సొమ్ము మీరు దేనికి కూడబెట్టితిరో దానికే ఉంచుడు. అమ్మగారు వచ్చినప్పుడు ఆమెనుగూడ మీతో నడకకు తీసికొనిపొండు. ఆమె నడుమునకును ఆ అరగంట అవసరమే. నాలుగు వారముల పద్దు చూచుకొన్న పిమ్మట మాకు మఱల వ్రాయుదురని యెదురుచూచుచుందుము.